మందంగా ఉన్నచోటే గుల్లలు

ఈరోజు మధ్యాహ్నం మా కట్టుడు పళ్ల ల్యాబ్‌లో, ఫినిషింగ్ బల్ల దగ్గర కింది పళ్ల సెట్టుకి గీకే బర్ పెట్టానో లేదో, వెనక దవడపళ్ల పక్కన, నాలుక వైపు యాక్రిలిక్‌లో, అంటే పళ్లని పట్టి ఉంచే బేస్ ప్లాస్టిక్‌లో, చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. కొంచెం గీకితే ఇంకొన్ని. పైపైన ఉండేవైతే పాలిష్‌లో పోతాయి, ఇవి లోపలి నుంచి వస్తున్నాయి. మా కుర్రాడు నా వెనక నుంచి తొంగిచూసి "అన్నా, ఈ పౌడర్ డబ్బాలోనే తేడా ఉంది, మార్చేద్దామన్నా" అన్నాడు. కడపలో ఏ ల్యాబ్‌కి పోయినా ముందు వినిపించే మాట ఇదే. పోరాసిటీ, అంటే ఇలా గుల్లబారడం, కనబడితే చాలు, పౌడర్‌ని తిడతారు, కాదంటే లిక్విడ్‌ని, అదీ కాదంటే ఎండని.

ఎండని అనడంలో కొంత న్యాయం ఉంది. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో పౌడర్, లిక్విడ్ కలిపిన ముద్ద చూస్తుండగానే ప్యాకింగ్ దశకి, అంటే అచ్చులో నింపే దశకి, వచ్చేస్తుంది, ఫోన్ ఎత్తి మాట్లాడి వచ్చేలోపు రబ్బరులా సాగి చేతికి రాదు. అందుకే ఎండాకాలంలో జార్‌ని చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి కలుపుతాం. ఫ్యాన్ కింద మూత తీసి మాత్రం ఎవరినీ పెట్టనివ్వను, మోనోమర్, అంటే ఆ లిక్విడ్, ఆవిరైపోతే ముద్ద పొడిబారి, తయారైన సెట్టు తెల్లతెల్లగా మచ్చలు పడుతుంది. కానీ ఈరోజు చూసినవి ఆ మచ్చలు కావు.

"ముందు ఎక్కడెక్కడ పడినాయో చూడరా" అని పై సెట్టు తెప్పించి పక్కన పెట్టాను. రెండింటికీ ఒకే జార్‌లో కలిపిన ముద్ద, మూడు పాళ్ల పౌడర్‌కి ఒక పాలు లిక్విడ్, కొలత గ్లాసుతో వేసిందే. ఒకే ప్రెస్, గట్టిపడడానికి వేడి నీళ్లల్లో దించే ట్యాంకూ ఒకటే. పై సెట్టు అంగిలి దగ్గర రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, లైటుకి ఎత్తి పట్టుకుంటే ఎక్కడా చుక్క లేదు. కింది సెట్టులో కూడా ముందు పళ్ల కింద పలచగా ఉన్నచోట శుభ్రంగా ఉంది. వెనక మందంగా ఉన్నచోటే, రెండు వైపులా, గుల్ల. పౌడర్ చెడిపోతే పలచని చోటుని వదిలేసి మందమైన చోటునే ఎందుకు పట్టుకుంటుంది?

ఎలాగూ ఈ సెట్టు బయటికి పంపేది కాదని తేలిపోయింది కాబట్టి, పళ్ల మీద పుట్టీతో అచ్చు తీసిపెట్టుకుని, డిస్కుతో మందమైన భాగాన్ని అడ్డంగా కోశాను. కుర్రాడికి చూపించాలనే కోశాను. పైపొర ఒక మిల్లీమీటరు దాకా గట్టిగా, నున్నగా ఉంది. దాని కిందనే గసగసాలంత గుండ్రటి బుడగలు, మధ్యకి పోయేకొద్దీ దట్టంగా. ముద్ద తక్కువ వేసినా, ప్రెస్ సరిగా బిగించకపోయినా పడే ఖాళీలు ఇలా ఉండవు, వంకరటింకరగా ఉంటాయి, సెట్టంతా పడతాయి. పైగా ట్రయల్ క్లోజర్‌లో, అంటే ఆఖరి బిగింపుకి ముందు, ప్లాస్టిక్ షీటు పెట్టి, పక్కకి పొర రావడం ఆగేదాకా బిగించింది నేనే. గుండ్రంగా, లోపల, మందంలో మాత్రమే అంటే అది మోనోమర్ మరిగిన గుర్తు.

ఈ సంగతి కుర్రాళ్లకి ఎవరూ నిదానంగా కూర్చోబెట్టి చెప్పరు, ట్యాంకులో పెట్టు, తీయి అంటారు. మోనోమర్ మరిగేది 100.8 డిగ్రీల దగ్గర. ట్యాంకు నీళ్లు 74 డిగ్రీలే కదా, ఎలా మరుగుతుంది అని అడగొచ్చు. సెట్టు గట్టిపడేటప్పుడు అదే సొంతంగా వేడి పుట్టిస్తుంది. పలచని చోట ఆ వేడి చుట్టూ ఉన్న స్టోన్‌లోకి, అంటే అచ్చులోకి, వెళ్లిపోతుంది, మందమైన చోట లోపలి వేడికి బయటికి దారి దొరకదు, ఎందుకంటే యాక్రిలిక్కూ స్టోనూ రెండూ వేడిని తొందరగా వదలవు. నీళ్లు నెమ్మదిగా వేడెక్కితే లోపల పుట్టే వేడీ నెమ్మదిగానే ఉంటుంది. నీళ్లే ఒక్కసారిగా ఎక్కువ వేడెక్కితే మధ్యలో వంద దాటిపోతుంది, ఇంకా గట్టిపడని మోనోమర్ ఆవిరై ఎక్కడికీ పోలేక అక్కడే బుడగై నిలబడిపోతుంది. 1937లో వాల్టర్ రైట్ యాక్రిలిక్‌ని పళ్ల సెట్ల బేస్‌కి వాడి చూపించినప్పటి నుంచి రంగులు మారాయి, కంపెనీలు మారాయి, ఈ గుణం మాత్రం మారలేదు.

నా మనసుకి పట్టింది ఇంకొకటి ఉంది. ఈ సెట్టు జమ్మలమడుగు వైపు ఊళ్లో ఉండే ఒక ముసలి అబ్బది. ఆయన్ని నేను చూడలేదు, ఆయన కింది దవడ మోడల్ మాత్రం నా చేతిలో చాలాసార్లు తిరిగింది. పళ్లు పోయి ఏళ్లు గడిచినట్టుంది, ఎముక కరిగి చిగురు గట్టు దాదాపు చదునైపోయింది. అలాంటి దవడకి పళ్లని సరైన ఎత్తులో నిలబెట్టాలంటే కింద బేస్ మందంగా వేయక తప్పదు. అంటే ఎవరి ఎముక ఎక్కువ కరిగిందో వాళ్ల సెట్టే మందం, మందం ఉన్నదాంట్లోనే బుడగల భయం ఎక్కువ. గట్టు బాగున్నవాళ్ల పలచని సెట్టు మన చిన్న చిన్న పొరపాట్లని తట్టుకుంటుంది. ఎక్కువ ఇబ్బంది పడుతున్నవాళ్ల సెట్టు తట్టుకోదు. క్యూరింగ్‌లో, అంటే ట్యాంకు వేడితో గట్టిపరచడంలో, జాగ్రత్త అవసరమైంది అక్కడే.

డాక్టర్‌గారికి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఆ పెద్దాయన రేపు బస్సెక్కి వస్తాడయ్యా, గుంటల్లో సెల్ఫ్ క్యూర్ నింపి పాలిష్ చేసి పంపలేవా?" అన్నారు. సెల్ఫ్ క్యూర్ అంటే ట్యాంకు వేడి లేకుండానే గట్టిపడే యాక్రిలిక్. ఆయన తొందర నాకు అర్థమవుతుంది, ఆ వయసులో మనిషిని తిప్పించుకోవడం ఎవరికీ ఇష్టముండదు. అయినా ఒప్పుకోలేదు. "సార్, పైన కనబడేవి నింపొచ్చు, లోపల ఉన్నవి అట్లనే ఉంటాయి. పాలిష్ అరిగేకొద్దీ ఒక్కొక్కటి తెరుచుకుంటుంది, సంగటి మెతుకు ఇరుక్కుంటుంది, వాసన వస్తుంది, ఒకరోజు అక్కడే విరుగుతుంది. రెండు రోజులివ్వండి, కొత్తది చేసిస్తాను" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సరే, నేనే ఆయనకి ఫోన్ చేసి చెప్తాలే" అన్నారు. ఈ మాట చెప్పే డాక్టర్లు దొరకడం ల్యాబ్‌వాళ్లకి అదృష్టం.

ఇక ట్యాంకు. డిస్‌ప్లే చూస్తే ఎప్పుడూ 74 అనే చూపిస్తుంది, అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు నింపి, ఆన్ చేసి, గాజు థర్మామీటర్‌ని దారం కట్టి వేలాడదీశాం. డిస్‌ప్లే మీద 74 వచ్చేసరికి థర్మామీటర్ 90కి దగ్గరలో ఉంది! నాకు ఒళ్లు మండింది. ఆఫ్ చేసి, నీళ్లు తోడి చూస్తే అడుగున సెన్సార్ చుట్టూ తెల్లగా ఉప్పు గట్టిగా పేరుకుపోయింది. మా బోరు నీళ్ల సంగతి కడపవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇంట్లో గీజర్ రాడ్‌కి ఏం పడుతుందో దీనికీ అదే పట్టింది. ఆ పొర దాటి వేడి సెన్సార్‌కి చేరేలోపు హీటర్ నీళ్లని ఇంకా కాచేస్తోంది. కాసేపటికి రెండూ సమానమవుతాయి నిజమే, కానీ సెట్టు గట్టిపడేది ఆ మొదటి వేడిలోనే, చెడిపోవాల్సింది అప్పటికే చెడిపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లల్లో సెన్సార్‌ని నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర వదిలింది. మళ్లీ పెట్టి చూస్తే రెండు అంకెలూ దాదాపు కలిశాయి. ఇకమీదట ట్యాంకులోకి ఫిల్టర్ నీళ్లే.

ఈ గొడవలో రాయచోటి నుంచి వచ్చిన రిపేర్ సాయంత్రం దాకా ముట్టుకోలేదు. ముందు పన్ను ఒకటి బేస్ నుంచి ఊడొచ్చింది, పన్ను అడుగున మైనం పొర వేలికి జిడ్డుగా తగులుతోంది. అచ్చులోంచి మైనం తీసేటప్పుడు ఆఖరున శుభ్రమైన మరిగే నీళ్లు పోయకపోతే వచ్చేది ఇదే. కడిగి, అడుగు గరుకు చేసి అతికించేశాం.

అబ్బ కింది సెట్టుకి డూప్లికేట్ మోడల్ ముందే పోసి ఉంది కాబట్టి పని తొందరగానే సాగింది. పుట్టీ అచ్చుతో కొత్త పళ్లు పేర్చి, పై సెట్టుతో బైట్ కలిపి చూసి, రాత్రికి ప్యాకింగ్ అయింది. ఫ్లాస్కుని, అంటే అచ్చు ఉన్న పెట్టెని, క్లాంపులోనే కాసేపు బయట ఉంచి ట్యాంకులో దింపాం, 74 దగ్గర ఎనిమిది గంటల పైన, ఆఖరున గంట మరిగించడం. థర్మామీటర్ నీళ్లల్లోనే వేలాడుతోంది, కుర్రాడు అరగంటకోసారి వెళ్లి చూసి కాగితం మీద రాస్తున్నాడు. తీశాక ఫ్లాస్కుని కుళాయి కింద పెట్టొద్దని, దానంతట అదే చల్లారాకే తెరవాలని, తెరిచాక సెట్టుని ఒక రోజు నీళ్లల్లో ఉంచాలని వాడికి చెప్పాను. ఎల్లుండి మొదటి బస్సుకి పార్సెల్ వేస్తామని డాక్టర్‌గారికి మెసేజ్ పెట్టాను.