వైట్ రిమ్ మీద నాలుగు రోజులు, 80 లీటర్ల నీళ్లు

వైట్ రిమ్ సైకిల్ యాత్రకు బయలుదేరే ముందు రోజు రాత్రి సైకిళ్లు, టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అన్నీ సర్దేశాక కూడా నేను నీళ్ల క్యాన్ల దగ్గరే కూర్చున్నాను. 20 లీటర్లవి నాలుగు. ఎన్నిసార్లు లెక్కేసినా 80 లీటర్లే. మేం నలుగురం, నాలుగు రోజులు. మనిషికి రోజుకు తక్కువలో తక్కువ ఒక గ్యాలన్, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, ఉండాలని పార్కు వాళ్లు చెబుతారు. దారి పొడవునా కొళాయి లేదు, కొట్టు లేదు. జమ్మలమడుగులో బిందెల వరసలో నిలబడి పెరిగినవాణ్ణి, నీళ్ల సంగతిలో నాకు ఎవరి మాటా ఆనదు. చివర్లో ఎందుకో వంటింట్లోకి వెళ్లి, అమ్మ పోయినసారి వచ్చినప్పుడు వదిలి వెళ్లిన పటిక ముక్క తెచ్చి వంట డబ్బాలో పడేశాను.

మేం వెళ్లింది అమెరికాలో యూటా రాష్ట్రానికి, మోయబ్ దగ్గరున్న కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కుకు. అక్కడి వైట్ రిమ్ రోడ్డు మౌంటెన్ సైకిల్ తొక్కేవాళ్లు ఒక్కసారైనా చూడాలనుకునే దారి. చుట్టు మొత్తం 100 మైళ్లు, మన లెక్కలో 160 కిలోమీటర్లు. 1950లలో యురేనియం వెతికేవాళ్ల కోసం అణుశక్తి కమిషన్ వేయించిన మట్టి రోడ్డు ఇది. తర్వాత 1964లో ఆ ప్రాంతం పార్కు అయింది. రాత్రి ఉండాలంటే పర్మిట్ కావాలి, క్యాంపులు తక్కువ కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. అక్టోబర్‌కు మాకు దొరికాయి. నేను, మా ఆవిడ, బావమరిది, కర్నూలు నుంచి వచ్చి మా వీధిలోనే స్థిరపడ్డ అన్న. ముగ్గురు సైకిళ్ల మీద, ఒకరు సామానున్న జీపులో. వంతులు వేసుకున్నాం.

మొదటి రోజు షేఫర్ ట్రెయిల్ దిగడంతో మొదలైంది. కొండ గోడను చెక్కి వేసిన మలుపులు, ఒకదాని కింద ఒకటి. పై నుంచి చూస్తే ఎవరో తాడు విసిరేసినట్టుంది. ఒకప్పుడు పశువులను తోలిన బాట అది. రెండు బ్రేకుల మీదా వేళ్లు పెట్టి, బరువంతా వెనక్కి వేసి దిగుతుంటే నాకు నాన్న సైకిల్ గుర్తొచ్చింది. సీటు అందక ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుతూ, పదకొండేళ్లప్పుడు గండికోట దాకా వెళ్లాను. ఇంటికొచ్చాక దెబ్బలు పడ్డాయి గానీ, పెన్నా కోసిన ఆ లోయ అంచున నిలబడ్డప్పుడు కడుపులో కలిగిన జలదరింపు అలాగే ఉండిపోయింది. షేఫర్ రెండో మలుపులో అదే జలదరింపు మళ్లీ వచ్చింది.

దిగాక దారి తెల్లటి ఇసుకరాతి అంచు వెంట పోతుంది. ఆ అంచు వల్లే దీనికి వైట్ రిమ్ అని పేరు. తలెత్తితే ఎర్రటి గోడలు, తల దించితే ఇంకో లోయ, దాని అడుగున ఎక్కడో నది. దారి పక్క మట్టి మీద నల్లగా, గరుగ్గా పెచ్చు కట్టి ఉంటుంది. అది ఉత్త మట్టి కాదు. కంటికి కనపడని జీవులు ఇసుక రేణువులను పోగుల్లా పట్టి అల్లిన పొర. గాలికి ఇసుక లేవకుండా, పడ్డ వాన జారిపోకుండా కాపాడేది అదే. ఒక్కసారి తొక్కితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఫోటో కోసం అటు అడుగు వేయబోయిన బావమరిదిని మా ఆవిడ చెయ్యి పట్టి లాగింది. ఆ తర్వాత మాలో ఎవరూ దారి దిగలేదు.

ఆ రాత్రి ఎయిర్‌పోర్ట్ అనే క్యాంపులో మకాం. కట్టెల మంట వేయకూడదు, గ్యాస్ స్టవ్ మీదే పని. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిని పడుకున్నాం. తూర్పున పిల్లలకోడి చుక్కలు లేచాయి. అన్న వాటిని వేలితో లెక్కపెట్టి, "చిన్నప్పుడు మిద్దె మీద ఆరే కనపడేవి. ఈడ చూడప్పా, ఎన్నున్నాయో!" అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం జీపు వెనక తలుపు తీస్తే జొన్నరొట్టెల సంచి తడిసి ఉంది. రాళ్ల దారిలో కుదుపులకు ఒక క్యాన్ మూత దగ్గర పగిలింది. నిండు క్యాన్‌లో అడుగున చారెడు నీళ్లు మిగిలాయి. మిగతా వాటిని కొలిస్తే 40 లీటర్లు. ఇంకా రెండున్నర రోజులు. కటాకటిగా సరిపోతాయి, కానీ జీపుకు ఏదైనా అయి ఒక రోజు ఆగిపోతే? అప్పుడు మొదలైంది నా టెన్షన్. గిన్నెలు కడగడం మానేసి గుడ్డతో తుడిచాం. అన్నం వండే ఆలోచన పక్కన పెట్టి, తడవని రొట్టెలు, చెనిక్కాయల పొడితో కానిచ్చాం. ఆ సాయంత్రమే మర్ఫీ హాగ్‌బ్యాక్ అనే గుట్ట ఎక్కుడు. నిట్టనిలువు. సైకిల్ నెట్టుకుంటూ పది అడుగులు, ఆగి ఒక గుటక, మళ్లీ పది అడుగులు. పైన టెంట్ వేస్తే రెండు వైపులా లోయలే. అంత అందమైన చోట కూర్చుని కూడా నేను నీళ్ల లెక్కే చూసుకున్నాను.

మూడో రోజు చాలా దూరం ఇసుక. టైరు దిగబడితే దిగి నడవడమే. కానీ సాయంత్రానికి దారి గ్రీన్ నది ఒడ్డుకు చేరింది. పొటాటో బాటమ్ క్యాంపు. పొదల్లోంచి దారి చేసుకుని వెళ్లి బకెట్ ముంచాను. టీ రంగు నీళ్లు, పాలు పోసిన టీ. ఆ నీళ్లు నేరుగా ఫిల్టర్‌లో పోస్తే అది కాసేపటికే మూసుకుపోతుంది. వంట డబ్బాలోంచి పటిక తీసి నీళ్లలో నాలుగు చుట్లు తిప్పాను. మా అవ్వ చిల్లగింజ అరగదీసేది, అమ్మ పటిక తిప్పేది. తిప్పిన కాసేపటికే బురద దూది పింజల్లా విడివిడిగా తేలి, మెల్లగా కిందికి జారడం మొదలెట్టింది. టార్చి లైటు పట్టుకుని మా నలుగురం బకెట్ చుట్టూ కూర్చుని అదే చూశాం. తెల్లారేసరికి పైన నీళ్లు తేటగా తేరాయి. అడుగున ఒండ్రు మెత్తగా, గోధుమరంగు మీగడలా పేరుకుంది. పై నీళ్లు వంచి, ఫిల్టర్ పట్టి, బుడగలొచ్చేదాకా మరగబెట్టాం. మా ఆవిడ మొదటి గ్లాసు తాగి తల ఊపింది. ఆ పొద్దున అన్నం వండాం.

చివరి రోజు మినరల్ బాటమ్ మలుపులు ఎక్కి పైకి చేరాక ఫోన్‌కు సిగ్నల్ దొరికిన చోట అమ్మకు చేశాను. నది సంగతి, పటిక సంగతి చెప్పాను. కొండలెలా ఉన్నాయని ఆమె అడగలేదు.

"ఎంత ఒండ్రు దిగింది నాయనా?"

"రెండు వేళ్ల మందం అమ్మా."

"అబ్బ, అయితే మన పెన్నమ్మ కంటే చిక్కనే," అంది.