ఆవిరి ఖరీదు ఎక్కడ పెరుగుతుంది?

కరెంటూ ఆవిరీ ఒకే ప్లాంటులోంచి వస్తుంటే ఇంధనం ఖర్చు దేని ఖాతాలో ఎంత రాయాలి? కిలోజౌళ్లు లెక్కపెట్టి పంచేస్తే సరి అనుకునేవాణ్ణి. సరిపోదు. పరిసరాలు 25 డిగ్రీలుంటే, 150 డిగ్రీల దగ్గరున్న 100 కిలోజౌళ్ల వేడి నుంచి ఎంత గొప్ప యంత్రం పెట్టినా 30కి మించి పని రాబట్టలేం, అదే 100 కిలోజౌళ్ల కరెంటైతే దాదాపు మొత్తం పనికొస్తుంది. ఈ పనికొచ్చే భాగానికి 1956లో జోరాన్ రాంట్ అనే ఇంజినీరు ఎక్సర్జీ అని పేరు పెట్టాడు. వేడి శాస్త్రాన్నీ ఖర్చుల లెక్కనీ కలిపే థర్మోఎకనామిక్స్ ఖర్చును దీన్నిబట్టే పంచుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఖర్చు మెట్టుమెట్టుకీ పేరుకునే తీరు. బాయిలర్ తనకొచ్చిన ఎక్సర్జీలో సగమే ఆవిరికి ఇస్తుందనుకోండి, టర్బైన్ అందులో 80 శాతాన్ని కరెంటు చేస్తుందనుకోండి. అప్పుడు ఎక్సర్జీ లెక్కలో ఒక యూనిట్ ఆవిరి వెనక రెండు యూనిట్ల ఇంధనం ఉంటుంది, ఒక యూనిట్ కరెంటు వెనక రెండున్నర. అంటే టర్బైన్‌లో ఒక యూనిట్ వృథా అయితే నిజానికి పోయింది రెండు యూనిట్ల ఇంధనం! బాయిలర్‌లో అదే నష్టం ఒకటితో పోతుంది. యంత్రాలు కొన్న డబ్బు, మెయింటెనెన్స్ ఇంకా కలపనే లేదు, అవీ ఇలాగే ఒక్కో మెట్టు దగ్గర వచ్చి చేరతాయి.