ఫిడేలు వాయించే మిడత

1934లో డిస్నీ స్టూడియో తీసిన ‘ది గ్రాస్‌హాపర్ అండ్ ది యాంట్స్’ ఎనిమిది నిమిషాల కార్టూన్. మనం చిన్నప్పుడు చదువుకున్న చీమ, మిడత కథే. నేను పనిచేసే సీనియర్ హోమ్‌లో దీన్ని తరచూ వేస్తుంటాను. లాస్ ఏంజెలెస్ శివార్లలో ఉంటుంది మా హోమ్. నాది యాక్టివిటీ అసిస్టెంట్ ఉద్యోగం. పొద్దున కుర్చీల్లో కూర్చోబెట్టి వ్యాయామం చేయించాలి, తర్వాత బింగో ఆడించాలి, మధ్యాహ్నం సినిమా వెయ్యాలి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు పెద్ద సినిమా అయితే సగంలోనే లేచి తలుపు దగ్గరికి వెళ్లి, ఇంటికి పోతామంటారు. చిన్న కార్టూన్లకి చివరిదాకా కూర్చుంటారు, పాటొస్తే కలిసి పాడతారు.

‘సిల్లీ సింఫనీస్’ పేరుతో 1929 నుంచి 1939 దాకా డిస్నీ వాళ్లు ఇలాంటివి 75 తీశారు. కుందేలు, తాబేలు పందెం కథకి ఆస్కార్ కూడా వచ్చింది. నాకు మాత్రం ఈ మిడత కథే ఎక్కువ. దర్శకుడు విల్ఫ్రెడ్ జాక్సన్. డిస్నీ కార్టూన్ కుక్క గూఫీకి గొంతిచ్చిన పింటో కోల్విగ్ గారిదే మిడత గొంతు కూడా. లీ హార్లైన్ కట్టిన బాణీలో, ఈ లోకమే నాకు బతుకుతెరువు బాకీ ఉందని పాడుకుంటూ, ఫిడేలు వాయిస్తూ, చెట్ల ఆకులు తింటూ తిరుగుతుంది మిడత.

చెర్రీపళ్లు లాక్కుపోతున్న ఒక చిన్న చీమ ఆ పాట విని బరువు వదిలేసి గంతులేస్తుంది. అంతలో రాణి చీమ వస్తుంది. చిన్న చీమ గుండె జారిపోయి మళ్లీ పనిలో పడుతుంది. ఆ కాస్త భయాన్ని ఎంత బాగా గీశారో! పై అధికారి కంటపడితే చాలు వీసా గుర్తొచ్చే మనలాంటి వాళ్లకి ఆ చీమ ఎవరో పరిచయం చెయ్యక్కర్లేదు.

తర్వాత చలికాలం. అప్పట్లో మూడు రంగుల టెక్నికలర్ అనే ఫిల్ము పద్ధతి వాడే హక్కు కార్టూన్లలో డిస్నీ ఒక్కరికే ఉండేది. ఆ రంగుల్ని ఇక్కడ కథ చెప్పడానికి వాడుకున్నారు. ఆకుపచ్చటి లోకం తెల్లబడిపోతుంది, మిడత చలికి నీలంగా మారిపోతుంది. చెట్టుకి మిగిలిన చివరి ఆకు కూడా అందేలోపే గాలికి పోతుంది. మిడత చీమల తలుపు కొట్టి కుప్పకూలుతుంది.

మన పాఠంలో కథ ఈ తలుపు దగ్గరే అయిపోయింది. ‘ఎండాకాలమంతా పాడావు కదా, ఇప్పుడు ఆడుకో’ అని చీమ తలుపేసుకుంది. ఇక్కడ చీమలు మిడతని లోపలికి మోసుకెళ్లి కాళ్లకి వేడి నీళ్లు పెడతాయి. కాసేపటికి రాణి వస్తుంది. మిడత చేతులు జోడించి వేడుకుంటుంది. మా దగ్గర పనిచేసేవాళ్లకే చోటు, కాబట్టి నీ ఫిడేలు తీసుకో అంటుంది రాణి. ఇక వెళ్లిపొమ్మంటుందని మిడత తల వంచుకునేలోపు, వాయించు అంటుంది.

ఆ రాణి తీర్పు నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. చేరదీసి ఊరికే అన్నం పెడితే మిడత ఆ ఇంట్లో చలికాలమంతా తల దించుకుని బతకాలి. రాణి దానికి ఉద్యోగం ఇచ్చింది. దానికి చేతనైనదాన్నే పని కింద లెక్కేసింది.

ఈ కార్టూన్ వచ్చిన రోజులు కూడా చూడాలి. 1933 నాటికి అమెరికాలో నలుగురు పనివాళ్లలో ఒకరికి పని లేదు. రోజంతా కష్టపడి కూడబెట్టుకున్న చీమలే రొట్టె కోసం లైన్లో నిలబడ్డ కాలం అది. అలాంటప్పుడు ‘ముందే దాచుకోవాల్సింది’ అన్న నీతి ఎవరికి చెప్తాం? 1935లో ఇక్కడి ప్రభుత్వం ఫెడరల్ మ్యూజిక్ ప్రాజెక్ట్ పెట్టి, పనిలేని సంగీతకారులకి జీతమిచ్చి ఊరూరా కచేరీలు చేయించింది, పిల్లలకి పాఠాలు చెప్పించింది. వాయించడమూ పనేనని లెక్కకట్టిన రాణులు బయట కూడా ఉన్నారన్నమాట.

మిడతలాగే మేమూ ఒక చలికాలం తలుపు కొట్టాల్సి వచ్చింది. మావారి ఉద్యోగం పోయింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. నా వర్క్ పర్మిట్ కూడా ఆయన వీసాతో ముడిపడినదే. టెన్షన్‌తో ఇద్దరికీ నిద్ర ఉండేది కాదు. తెలిసినవాళ్లలో కొందరు ఆ కారు ఎందుకు కొన్నారు, ఇండియా ట్రిప్ ఎందుకు వేశారు అని లెక్కలడిగారు. ఇంకొందరు పప్పు, కూర డబ్బాల్లో తెచ్చిపెట్టారు. వాళ్ల మేలు మరువలేను. అయినా మావారి ముఖంలో వెలుగొచ్చింది మాత్రం ఒక పాత స్నేహితుడు ఫోన్ చేసి, ‘రేపు మా మేనేజర్‌తో మాట్లాడించనా?’ అన్నప్పుడు. ఆ ఉద్యోగమే వచ్చింది.

ఇక నా ఫిడేలు సంగతి. మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన మహారాజా సంగీత కళాశాలలోనే నేనూ డిప్లొమా చేశాను. అమెరికా వచ్చాక ఫిడేలు బీరువా పైకెక్కింది. కొత్త ఊళ్లో అద్దె, పిల్లల బడి, జీతం చూసుకునేసరికి రోజు గడిచిపోయేది. నాన్న ఫోన్ ఎత్తగానే అడిగేవారు, ‘అమ్మా, ఫిడేలు తీస్తున్నావా?’ అని. నేను మాట మార్చేసేదాన్ని.

హోమ్‌లో పాటలకి పెద్దవాళ్ల ముఖాలు మారడం చూసి, నేనూ వాయిస్తానని మా సూపర్‌వైజర్‌ని అడిగాను. డ్యూటీ అయ్యాక కావాలంటే వాయించుకో అంది. ఆ మాట చాలా గుచ్చింది. బింగో అంకెలు చదివితే పని, శంకరాభరణం వాయిస్తే సరదానా? అయినా కొన్నాళ్లు డ్యూటీ దిగాకే వాయించాను. సాయంత్రం పొద్దుగుంకే వేళ ఎప్పుడూ కంగారుపడి తిరిగే ఒక పెద్దాయన, ఫిడేలు మొదలెడితే వచ్చి కూర్చోవడం సూపర్‌వైజర్ కళ్లారా చూసింది. తర్వాతి నెల క్యాలెండర్లో నా పేరుతో వారానికొక సంగీతం గంట పడింది, జీతంతో సహా.

వాళ్లు వీల్‌చైర్లలో, నేను కింద చాప మీద. ఫిడేలు తలని పాదానికి ఆనించి వాయించడం వాళ్లకి మొదట్లో పెద్ద వింత. వాళ్ల కోసం ఏం వాయించాలా అని ఆలోచిస్తే ముత్తుస్వామి దీక్షితుల వారి నొట్టుస్వరాలు గుర్తొచ్చాయి. తెల్లవాళ్ల బ్యాండు బాణీలకి ఆయన సంస్కృతంలో సాహిత్యం రాశారు. ‘సంతతం పాహిమాం’ బాణీ ఇంగ్లండు రాజు పాటది. అదే బాణీకి అమెరికావాళ్లు తమ దేశం పాట కట్టుకుని బళ్లలో పాడుకున్నారు. నేను మొదటి పాదం వాయించగానే, పొద్దున ఏం తిన్నారో గుర్తులేని ఒక పెద్దావిడ ‘మై కంట్రీ టిజ్ ఆఫ్ దీ’ అని గట్టిగా ఎత్తుకుంది. మిగతావాళ్లంతా అందుకున్నారు. ఇప్పుడు ప్రతివారం అదే ముందు వాయించమంటారు.