లంక నుంచి కృష్ణలంక దాకా

కార్తీక సోమవారం కదా, నాలుగింటికే అత్తగారు లేపేశారు. స్కూటీ వెనక ఆవిడ, ఆవిడ ఒళ్ళో అరటి దొప్పలు, 365 వత్తుల కట్ట, ముందు నా నిద్రమొహం. విజయవాడ కృష్ణలంకలోని పద్మావతి ఘాట్‌కి చేరేసరికే జనం జాతరలా ఉన్నారు.

చెప్పుల దగ్గర ఆ పెద్దాయన ఈసారి కూడా ఉన్నాడు. ఆయనదేమీ స్టాండు కాదు. ఓ గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాడు, ఎవరైనా చెప్పులు వదిలితే చూస్తుంటాడు, ఇచ్చింది తీసుకుంటాడు. అరవై దాటి ఉంటాయి. పడుకునేది ఆ మెట్ల మీదే, అయినా గడ్డం మాత్రం నున్నగా గీసుకుని ఉంటాడు. చెప్పులన్నీ మడమలు ఒక్క గీత మీదకి వచ్చేలా సర్దుతాడు, పిల్లల చెప్పులతో సహా.

దారికి అడ్డంగా పైపు కోసం తవ్వి మట్టితో పూడ్చిన పట్టీ ఒకటుంది, రెండడుగుల వెడల్పు. అందరం దాన్ని తొక్కుకుంటూనే పోతున్నాం. ఈయన టీ కోసం వెళ్తూ అక్కడిదాకా వచ్చి ఆగాడు, పక్కనున్న పిట్టగోడ ఎక్కి, దాటి, అవతల దిగాడు. వచ్చేటప్పుడూ అంతే, చేతి మీద టీ ఒలుకుతున్నా సరే. మోకాళ్ళ నొప్పి ఉన్నట్టుంది, ఎక్కేటప్పుడు మొహం తెలిసిపోతోంది. ఎందుకలా అని అడగకుండా ఉండలేకపోయాను.

"కొత్త మట్టి తొక్కనమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పుకొచ్చాడు. మిలిటరీలో డ్రైవరట. 1987లో శ్రీలంక పంపారు. జాఫ్నా వైపు రోడ్డు తవ్వి మందుపాతర పెట్టి పూడ్చేసేవాళ్ళట, దూరంగా తాటితోపులో ఒకడు వైరు పట్టుకుని కూర్చునేవాడు. తన ముందు బండి లేచిపోవడం చూశాడు. "శాంతిసేన అని పేరు పెట్టారు మాకు, శాంతికి అన్ని తూటాలెందుకో" అని నవ్వి, ఎవరో వస్తే చెప్పులు సర్దడానికి వంగాడు.

మా అత్తగారు ఇంటికొచ్చాక "లంక నుంచి వచ్చి కృష్ణలంకలో తేలాడన్నమాట" అని ఓ జోకేసి, "ఇవన్నీ నిజమేనంటావా, జనం ఏవేవో చెబుతారు" అన్నారు. నాకూ ఆ అనుమానం లేకపోలేదు. అందుకే ఆఫీసు నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఉండే పెదనాన్నకి ఫోన్ చేశాను, ఆయన సుబేదారుగా రిటైరయ్యారు. ఎన్నేళ్ళు చేశాడన్నాడు అని అడిగారు ముందు. పదకొండు. "అయితే పెన్షన్ ఎక్కడిది, పదిహేను నిండాలి. మధ్యలో ఎందుకు వచ్చేశాడు?" లంక నుంచి తిరిగొచ్చాక నిద్ర పట్టక, లీవు మీద వచ్చి మళ్ళీ వెళ్ళలేదని పెద్దాయనే చెప్పాడు. అది చెప్పగానే పెదనాన్న గొంతు మారిపోయింది. "భగోడానా!" అని ఊరుకున్నారు. మిలిటరీలో పారిపోయినవాణ్ణి అనే మాట అది. కాసేపాగి, "అక్కడ పన్నెండు వందల మంది దాకా పోయారమ్మా, వాళ్ళకీ ఇళ్ళున్నాయి, పెళ్ళాం బిడ్డలున్నారు" అని పెట్టేశారు.

ఆయన మాట కాదనలేను. కానీ మధ్యాహ్నం అన్నం తింటూ కూడా అదే బుర్రలో తిరుగుతోంది. అసలు ఆ యుద్ధంలో మనం ఎవరి వైపు? 1983లో కొలంబోలో తమిళుల్ని ఊచకోత కోశారు, పడవల్లో రామేశ్వరం వైపు వచ్చిపడ్డారు, చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకోవాలా అంటే నాకూ జవాబు లేదు. అయితే మనవాళ్ళు చేసిందేమిటంటే, ప్రత్యేక తమిళ దేశం కోసం అక్కడి ప్రభుత్వంతో పోరాడే సాయుధ గ్రూపులకి, టైగర్లతో (ఎల్టీటీఈ) సహా, ఇక్కడే, తమిళనాడులోనూ డెహ్రాడూన్ వైపూ శిక్షణ ఇచ్చారు. తర్వాత 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, ఆ కాగితం మీద టైగర్ల సంతకమే లేదు, వాళ్ళ చేతుల్లో తుపాకులు దింపించే పని మాత్రం మన జవాన్లది. మర్నాడు గౌరవ వందనంలోనే అక్కడి నేవీ కుర్రాడు రాజీవ్‌ని తుపాకీ మడమతో కొట్టాడు, అప్పుడైనా అర్థం కావాల్సింది అక్కడ మనల్ని రెండు పక్కలా ఎవరూ కోరుకోవడం లేదని. అక్టోబరు వచ్చేసరికి మనం నేర్పిన విద్యే మన డ్రైవర్ల బండ్ల కింద పేలింది. అదే నెల దీపావళి రోజున మన సైనికులు జాఫ్నా ఆస్పత్రిలోకి వెళ్ళారు, రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. ఇది నేను పెద్దాయన్ని అడగలేదు. ఆ చెప్పుల మధ్య కూర్చున్న మనిషిని అలాంటి ప్రశ్న ఎలా అడుగుతాం, అడక్కపోవడం కూడా సరి కాదేమో, తెలీదు.

1990 మార్చిలో సేన మొత్తం తిరిగొచ్చేసింది. తుపాకులు దింపించిందీ లేదు, శాంతీ లేదు. మద్రాసులో స్వాగతానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి కూడా వెళ్ళలేదు. సర్కారు పని సగంలో వదిలేసి వస్తే దానికి ఉపసంహరణ అని మర్యాదైన పేరుంది, ఈయన వస్తే భగోడా. పెదనాన్నతో ఈ మాట అనే ధైర్యం మాత్రం నాకు లేదు.

అమెరికాలో ఉన్న అన్నయ్య సిగ్నళ్ళ దగ్గర అట్టముక్క పట్టుకుని నిలబడే మాజీ సైనికుల గురించి చెబుతుంటాడు. వియత్నాం వాళ్ళు, ఇరాక్ వాళ్ళు. ఇరాక్‌లో అయితే వెతకడానికి వెళ్ళిన ఆయుధాలే దొరకలేదు. అయినా అక్కడ కనీసం లెక్కపెడతారు: 2010లో 74 వేల మంది ఇల్లులేని మాజీ సైనికులు తేలితే, అద్దెకి వోచర్లిచ్చి, వెంట ఒక మనిషిని పెట్టి, 2024కి 33 వేల లోపుకి తెచ్చారు. మన 2011 జనాభా లెక్కల్లో ఇల్లులేనివాళ్ళు 17.7 లక్షల మంది, అందులో ఒకప్పుడు యూనిఫాం వేసుకున్నవాళ్ళెందరో చెప్పే గడే లేదు.

సాయంత్రం పాత దుప్పటొకటి ఇద్దామని మళ్ళీ వెళ్ళాను. నైట్ షెల్టర్లో పడుకోవచ్చుగా అంటే, తలుపులేస్తే ఊపిరాడదన్నాడు. దుప్పటి తీసుకుని, నాలుగు అంచులూ కలిపి ఇటుకలా మడిచి, గోనెపట్టా కింద పెట్టాడు. "వచ్చే సోమవారం రద్దీ ఎక్కువమ్మా, పెందలాడే రండి" అన్నాడు.

రాత్రి తొమ్మిదికి పెదనాన్న ఫోన్. "సోల్జర్ నంబరు అడుగు. ఆ నంబరు ఎవడూ మర్చిపోడు. అది చెబితే ఏ యూనిట్టో, ఏం రాసి పంపారో కనుక్కోవచ్చు."

"భగోడా అన్నారుగా పొద్దున?"

"అన్నాను. అయితే? ఆదివారం బస్సెక్కి వస్తున్నా, నువ్వు బస్టాండుకి రా" అని పెట్టేశారు. మిలిటరీ క్యాంటీన్ మందు సీసా మాత్రం తేవద్దని చెప్పడం మర్చిపోయాను, కార్తీకమాసం, మా అత్తగారు చూస్తే ఇంకేమన్నా ఉందా.