బాపు ఫోన్‌లో నా ఓడ

మాది వరంగల్ పక్క పల్లె. సముద్రం చూడాలంటే విశాఖ దాకా రాత్రంతా రైల్లో పోవాలి. బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీ. నేను ఆరేళ్లుగా ఓడల మీద డెక్ పని చేస్తున్నాను.

ఇప్పుడున్నది 28 వేల టన్నుల చిన్న బల్క్ ఓడ, అంటే బొగ్గు లాంటి సరుకు విడిగా పోసుకుని పోయేది. పొడవు 169 మీటర్లు, వెడల్పు 27. సరుకు పోసే గదులు, అంటే హోల్డ్‌లు ఐదు, ఒక్కోటి 30 టన్నులు లేపే నాలుగు క్రేన్లు. సొంత క్రేన్లు ఉంటాయి కాబట్టి పెద్ద ఓడలు పోలేని చిన్న రేవులకూ మేం పోతాం. ఇదంతా చెబితే బాపు, "బస్తాలల్ల చెప్పు బిడ్డా" అన్నాడు. డీజిల్, నీళ్లు పోను సరుకు 27 వేల టన్నులు అనుకున్నా, 50 కిలోల బస్తాలు ఐదు లక్షల నలభై వేలు. బాపు కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ భుజాలకు ఆ లెక్క నాకంటే బాగా తెలుసు.

తమ్ముడు బాపు ఫోన్‌లో ట్రాకింగ్ యాప్ వేసిచ్చాడు. ఓడ ఎక్కడుందో అందులో మ్యాప్ మీద చుక్కలా కనబడుతుంది. పోయినేడు ఓనర్ మారి ఓడ పేరు మారితే, అమ్మ పాత పేరుతో వెతికి ఒకటే ఏడుపు. అప్పుడు ఓడను గుర్తుపట్టే ఏడంకెల ఐఎంఓ నంబర్ రాసిచ్చాను. పేరు మారినా, జెండా మారినా ఆ నంబర్ మారదు.

అంతకంటే పెద్ద టెన్షన్ దక్షిణాఫ్రికా నుంచి బొగ్గుతో వస్తున్నప్పుడు. పది రోజులు చుక్క కదల్లేదు, ఓడలో నెట్ కూడా పోయింది. తానెక్కడుందో చెబుతూ ఓడ పంపే ఏఐఎస్ అనే రేడియో సిగ్నల్ ఒడ్డు మీది స్టేషన్లకు సుమారు 40 నాటికల్ మైళ్ల (దాదాపు 75 కిలోమీటర్లు) వరకే అందుతుంది. ఆ అవతల శాటిలైట్ పట్టాలి, ఆ యాప్‌లో దానికి డబ్బు కట్టాలి. నడిసముద్రంలో చుక్క ఆగితే ఓడ ఆగినట్టు కాదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి రావాల్సింది. నేను చెప్పలేదు. ఆ పది రోజులూ అమ్మ అన్నం సరిగా తినలేదట.

ఇప్పుడు బాపు డ్రాఫ్ట్ కూడా చూస్తాడు, అంటే ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగిందో. మొన్న ఫోన్ చేసి, "బొగ్గు దించిన్నంటివి, ఇంక తొమ్మిదిన్నర మీటర్లే చూపెడ్తాంది?" అన్నాడు. ఆ అంకె బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపే గదిలో, చేత్తో కొట్టాలి. సెకండాఫీసర్ మార్చడం మరిచిపోయాడు. పైకెళ్లి చెబితే వెంటనే మార్చాడు.

సాయంత్రం బాపు మళ్లీ చేశాడు. "ఐదున్నర మీటర్లయింది. ఇగ ఖాళీ అయినట్టే, పండుకో."