నాకు తెలియకుండా ఇచ్చిన కౌలు

మాది ఇందుకూరుపేట మండలం. మూడు రొయ్యల గుంటలు, మూడింట్లోనూ వెనామీ రకమే. రాత్రిళ్లు నీటికి గాలి అందించే ఏరేటర్లు వేసి గట్టు మీద కాపలా కూర్చున్నప్పుడు, ఒక సామాజిక మాధ్యమంలో రైతులు అడిగే ప్రశ్నలకు జవాబులు రాయడం నాకు ఏడేళ్లుగా అలవాటు. మబ్బు పడితే మేత తగ్గించమని, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట కోత పెట్టమని రాసేవాణ్ని. అన్నీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే. 2019లో తెల్లమచ్చ తెగులుతో పంటంతా పోతే ఆ ఫోటోలు కూడా పెట్టాను, ఇంకొకరైనా ముందుగా గుర్తుపడతారని.

2024 అక్టోబరులో మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, నీ జవాబులతో ఏఐకి పాఠాలు చెప్పిస్తున్నారేమో చూసుకున్నావా?" అన్నాడు. జనం ప్రశ్నలు, చర్చలు రాసుకునే రెడిట్ అనే సైటు సంగతి చెప్పాడు. అక్కడి రాతలను ఏఐకి వాడుకోనిచ్చేందుకు ఆ ఫిబ్రవరిలో గూగుల్‌తో ఒప్పందం, ఏడాదికి 6 కోట్ల డాలర్లని వార్తలు. మేలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐతో ఇంకొకటి. షేర్ల జారీ కోసం ఇచ్చిన పత్రాల్లో, డేటా లైసెన్సుల మొత్తం విలువ 20.3 కోట్ల డాలర్లని ఆ సంస్థే రాసుకుంది. నేను రెడిట్‌లో లేను. నేనున్న సంస్థ షరతులు తెరిచి చూస్తే అక్కడా అదే బాణీ: రాసినదానిపై హక్కులు మీవే, కానీ దాన్ని వాడుకునే, ఇతరులకు ఇచ్చే లైసెన్సు మాది, రుసుము లేకుండా.

మా వైపు గుంట కౌలుకిస్తే ఎకరాకు ఇంతని కాగితం రాసుకుంటాం. గడువు తీరాక గుంట మళ్లీ మన చేతికి వస్తుంది. ఈ కౌలుకు డబ్బూ లేదు, గడువూ లేదు.

ఆపడానికి ఒక మీట ఉందన్నారు. తెలుగులో పెట్టుకున్న యాప్‌లో అది ఎక్కడా కనిపించలేదు. భాషను ఇంగ్లీషుకు మారిస్తే, గోప్యత కింద నాలుగో పేజీలో దొరికింది. అప్పటికే ఆన్‌లో ఉంది. ఆపగానే ఒక వాక్యం వచ్చింది: ఇప్పటివరకు జరిగిన వాడకానికి ఇది వర్తించదు.

నా డేటా మొత్తం కావాలని అర్జీ పెడితే మూడో రోజు జిప్ ఫైలు వచ్చింది. అందులో వెయ్యికి పైగా జవాబులు, వాటి మధ్య ఒక ఫోటో: చెక్ ట్రే పట్టుకున్న మా ఆవిడ చెయ్యి, మోచేతి దాకా తడి, రెండు ఎర్ర గాజులు. ఆమె వంగి చూసి, "నా చేతిని కూడా ఇచ్చేశారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఫిర్యాదుల అధికారికి రాశాను. ఐటీ నియమాల ప్రకారం అప్పట్లో 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. అందినట్టు వెంటనే చెప్పారు. ఎవరికి ఇచ్చారు, వెనక్కి తీసుకోవచ్చా అన్న రెండు ప్రశ్నలకు పన్నెండో రోజున షరతుల లింకు పంపి ఊరుకున్నారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందేమో అనుకున్నాను. నియమాలు అప్పటికి రానే లేదు. పైగా, మనంతట మనమే బహిరంగంగా పెట్టిన వివరాలకు ఆ చట్టం వర్తించదట. బ్లాగు రాసుకునే మనిషినే ఉదాహరణగా చూపించారు. నన్ను చూసి రాశారా అనిపించింది.

కోపంతో జవాబులు చెరపడం మొదలుపెట్టాను. ఆ మేలోనే, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో, ఓపెన్‌ఏఐతో కలిసినందుకు అలిగి జవాబులు మార్చిన, చెరిపిన కొందరి ఖాతాలను కొంతకాలం నిలిపివేసింది. నన్నెవరూ ఆపలేదు. నలభై దాకా చెరిపాక ఒక తెల్లవారుజామున కొత్తపట్నం వైపు కుర్రాడి సందేశం: "అన్నా, రొయ్యలు పైకి తేలుతున్నాయి. మీరు రాసింది ఇక్కడే చదివాను, ఇప్పుడు కనిపించడం లేదు."

చెరిపిన జవాబు చెరిపినట్టే పోయింది. గట్టు మీదే నిలబడి మళ్లీ టైపు చేశాను: ఏరేటర్లన్నీ వెయ్యి, మేత ఆపు, ఆక్సిజన్ ఎంతుందో కొలిచి చెప్పు.

తర్వాత ఒక్క ఫోటో తప్ప ఇంకేమీ చెరపలేదు. ఆ మీటను మాత్రం నెలకోసారి తెరిచి చూస్తున్నాను. యాప్ కొత్త వెర్షన్ వచ్చాక ఒకసారి మళ్లీ ఆన్‌లో కనిపించింది.