నీలం పరదా పడకుండా

వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి కోటకు అంటే, డ్రైవర్ "మధ్యకోటనా, పడమరకోటనా?" అని అడిగాడు. మనం చూడ్డానికి వెళ్ళే కోట వాళ్ళకు దిగే స్టాపు. ముందు మట్టికోట, తర్వాత వరి పొలాలు, ఆపైన కందకం, రాతికోట. రాతికోట దర్వాజా దగ్గర దారి గభాల్న వంకర తిరుగుతుంది. శత్రువు ఒక్క ఉరుకున లోపలికి రాకూడదని కట్టిన ఆ మలుపులో మా ఆటో, ఎదురొచ్చిన గడ్డి ట్రాక్టరు ఐదు నిమిషాలు ఇరుక్కుపోయాయి. కాకతీయుల ఇంజనీరింగ్ ఇంకా పనిచేస్తోందన్నమాట!

లోపల స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతిలో పడ్డాక గుడి శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. పైన హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు. ఇదే తోరణం రాష్ట్ర ముద్రలో ఉంది.

మంచినీళ్ళ కోసం కంచె అవతల ఒక గూన ఇంటి ముందు ఆగాను. పెంకుల మీద నీలం పరదా, అది ఎగిరిపోకుండా రాళ్ళు, పాత సైకిల్ టైరు. అరుగు మీద ముసలమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"వానొస్తే గిన్నెలు పెట్టుకొని కూసుంటం బిడ్డా. రేకులేద్దమంటే పర్మిషన్ కావాలన్నరు. కొడుకు పెండ్లయింది, ఇంకో అర్ర ఏద్దమంటే అసలే వద్దన్నరు."

రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆపైన 200 మీటర్లు అనుమతి ఉంటేనే. 2010 సవరణతో ఇది పురాతన కట్టడాల రక్షణ చట్టంలోకే వచ్చింది. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాటే చెప్పాను.

"ముందునుంచి ఉన్నట్టు కాయితం తెమ్మన్నరు. మా అత్త గీ ఇంట్లనే కన్నుమూసింది. ఇగ ఆమెను అడగాలె."

ఈ చట్టమే లేకపోతే తోరణం పక్కనే అపార్ట్‌మెంట్లు లేచేవి, అందులో నాకు అనుమానం లేదు. కానీ మీటర్ల లెక్క ఒంటరిగా నిలబడ్డ గుడికి కుదురుతుంది. ఊరే కోటలో ఉన్నచోట టేపు ఎటు పట్టినా ఎవరి వంటింట్లోనో తేలుతుంది. సాయంత్రాలు ఇక్కడ సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. దాని వెలుగు కోసం వైర్లు వేయగలిగినవాళ్ళకు, ఒక అర్ర ఎట్లా వేస్తే తోరణానికి అడ్డురాదో గీసిచ్చే మనిషి దొరకడా?

లేచి తోరణం ఫొటో తీయబోయి రెండడుగులు పక్కకు జరిగాను. వెనక నుంచి ఆమె గొంతు.

"ఇంకా జర ఇటు రా. ఆడికెల్లి తీస్తే మా పరదా పడుతది. అందరు ఈడికెల్లే తీస్తరు."